తలుపులో ఒండ్రు

గేదెని చూరు కిందకి మార్చి
దాని కొట్టంలో బండిని పెట్టాం.
మా ఆయన దాన్నీ
"ఏవే" అనే పిలుస్తాడు.

పాత మహీంద్రా పికప్పు. ఒకప్పుడు
రాజోలు అరటిగెలలు, అంతర్వేది ఎండుచేపలు,
ఒక్కసారి మాత్రం పెళ్ళి బ్యాండు మొత్తం.
ఉప్పుగాలి తినగా మిగిలిన ఇనుము
మా వాటాకొచ్చింది.
సీటు కింద కన్నంలోంచి తొంగి చూస్తే
కోడిపెట్ట పైకి చూసింది.

చీటీ పాడిన డబ్బు గేరుబాక్సు మింగింది.
మూడు వారాలు మా ఆయన
నా మొహం చూడకుండా అన్నం తిన్నాడు.

నాగూర్ మీరా ఆదివారం, బుధవారం వస్తాడు.
పానా పెట్టేముందు చెవి పెడతాడు.
గరుకు కాయితం నాకిచ్చారు.
నీలం కింద ఎరుపు,
ఎరుపు కింద ఆకుపచ్చ,
దాని కింద సగం చెరిగిన పేరు:
"...వెంకాయమ్మ అండ్ సన్స్."
ఎవరావిడ? కొడుకులు ఎందరు?
కాసేపు చెయ్యాడలేదు.

ఎడం తలుపు లోపలి రేకు విప్పితే
దోసెడు ఒండ్రు జారింది,
జల్లించిన సున్నిపిండిలా మెత్తగా.
మీరా వేళ్ళ మధ్య నలిపి
"ఎనభయ్యారు వరద" అన్నాడు.
"తలుపేసుకు కూర్చుందమ్మా గోదారి,
ఎవరూ దిగమన్లేదు."

ఊడ్చి పారెయ్యమన్నాడు మా ఆయన.
చేటలోకెత్తి
బీరపాదు మొదట్లో పోశాను.
అడిగితే ఎరువన్నాను.

కార్బొరేటరు ఇంకా రాజమండ్రి నుంచి రాలేదు.
వైర్లు కలిపి చూస్తుంటే
నిన్న పొద్దుగూకే వేళ
హారన్ ఒక్కటీ పలికింది.

గేదె పలుపు తెంపుకుని
తిన్నగా కొట్టంలోకే వచ్చింది.