పద్నాలుగో నిబంధన

నోటీసు నేనే రాయాలి.
వశిష్ఠ ఎన్‌క్లేవ్ సెక్రటరీని కదా,
ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పిన చేతికి
రెండు వాక్యాలు ఎంతసేపు?

"ఫ్లాట్ నంబరు మూడు వందల నాలుగు,
శ్రీ పెచ్చెట్టి అబ్బులు గారికి,
కాలవవైపు బాల్కనీకి తాము కట్టిన"
అక్కడ ఆగింది పెన్ను.
కట్టిన ఏమిటి?

జెండా అంటే జెండాయే. కర్ర ఉంది, గుడ్డ ఉంది,
కాలవ గాలొస్తే టపటపమంటుంది.
ఏడాదిలో పదినెలల పైన పచ్చది.
ఆకుపచ్చో పసుపుపచ్చో
ఎండకి వెలిసి వెలిసి దానికే గుర్తులేదు.
వేసంగిలో మాత్రం ఎర్రది,
మిరపపండులా, ఇంకా కొత్తగానే.
మనిషొక్కడు, పార్టీలు రెండా
అని అడిగారు మెట్ల దగ్గర ఎవరో.

పద్నాలుగో నిబంధనా నా రాతే.
మొన్నటి ఎలక్షన్లకి
నాలుగో అంతస్తువాళ్లు రెండో అంతస్తు జెండా మీద
అంట్లు కడిగిన నీళ్లు పోశాక,
లిఫ్టులో పలకరింపులు పోయాక,
సెల్లార్లో ప్లాస్టిక్ కుర్చీలేసుకుని రాసుకున్నాం:
పార్టీదీ, దేవుడిదీ, హీరోదీ
ఏ గుడ్డా వీధికి కనపడరాదు.
దేశం జెండాకి మినహాయింపు.
అందరూ సంతకాలు పెట్టారు. అబ్బులు గారూ పెట్టారు,
కళ్లజోడు ఇంట్లో మరిచిపోయొచ్చి.

మొన్న మీటింగులో నిలబెట్టి అడిగారు,
"ఇంతకీ ఏ పార్టీ అండి తమరు?"
"ఇరిగేషనండి."
నవ్వారు. నేనూ నవ్వాను, పమిట అడ్డం పెట్టుకుని.

"లాకు లస్కరునండి, ముప్పై మూడేళ్లు.
ఎర్రదెత్తితే పడవాగాలి, పచ్చదెత్తితే కదలాలి.
ధాన్యం పడవ, కొబ్బరి పడవ, ఓసారి పెళ్లివారి పడవ,
ఆఫీసర్ల లాంచీ అయినా సరే
నా చేతికేసి చూడకుండా తలుపు దాటలేదండి, ఆయ్.
పడవలు పోయాయి. జెండాలు స్టోర్లో అప్పజెప్పమన్నారు,
ఎళ్తే స్టోరుకి కప్పు లేదండి.
కాలవకి నీళ్లొదిలితే పచ్చది, కట్టేస్తే ఎర్రది.
ఎవరికండి ఇబ్బంది?"

ఎవరికీ లేదు. అదే ఇబ్బంది.
ఈ గుడ్డకో అర్థం ఉందని ఒప్పుకుంటే
రేపు ప్రతి గుడ్డా ఓ అర్థం పట్టుకొస్తుంది
అన్నారు ట్రెజరర్ గారు. తప్పనలేకపోయాను.
"రిజిస్ట్రీ కాయితంలో బాల్కనీ కూడా నాదే రాశారండి"
అన్నాడాయన.
లోపలి ముఖం మీది, బయటి ముఖం అందరిదీ అన్నాం.
ఆ గీత నాలుగంగుళాల గోడలో ఎక్కడ పడుతుందో
లెక్కల టీచర్ని, నాకే తేలలేదు.

తర్వాత రెండ్రోజులకి నీళ్లొదిలారు.
ఎర్రమట్టి రంగులో, చెత్త తోసుకుంటూ వచ్చింది గోదారి
మా ప్రహరీ వెనక్కి.
జెండా మారలేదు.
"మీ తీర్పొచ్చేదాకా నేను ముట్టనండి" అన్నాడట
వాచ్‌మన్ వీర్రాజుతో.

ఈ పొద్దున గుర్రపుడెక్క తీసే మిషను
పంటు మీద కదిలొచ్చి
సరిగ్గా మా వెనకే ఆగింది.
డ్రైవరు కుర్రాడు తలెత్తి చూశాడు.
పైన బనీనూ లుంగీతో అబ్బులు గారు.
ఆయన చూశాడు. లోపలికెళ్లాడు.
వెలిసిన గుడ్డ తెచ్చి, కట్టలేదు,
చేత్తోనే పట్టుకుని
రెండుసార్లు ఊపాడు.
మిషను పొగ వదిలి ముందుకెళ్లింది.

"బీడీ ముట్టించుకోడానికి ఆగుంటాడు, నీ పిచ్చి"
అన్నారు మా ఆయన.
అయ్యుండొచ్చు.
కానీ నేను లెక్కపెట్టాను,
ఇరవై ఏళ్లున్నట్టు లేవు ఆ కుర్రాడికి,
లస్కరుని ఎన్నడూ చూసుండడు.

ట్రెజరర్ గారు ఫోను చేశారు, "అయిందాండి టీచర్ గారూ?"
రాస్తున్నానన్నాను.
"కట్టిన" దగ్గరే ఉన్నాను.