ప్రత్యేక గుర్తులు: లేవు

సైదాపేటలో మందుల షాపు, నలభై ఏళ్ళుగా.
ఏ డాక్టరు ఏ వంకర గీత గీసినా
అది దగ్గు మందో గుండె బిళ్ళో నా కంటికి తెలిసిపోతుంది.
అందుకే కాబోలు మూర్ మార్కెట్లో జబ్బార్ సాయిబు
ఈ చిన్న పుస్తకం నా చేతిలో పెట్టి
"చదివితే ఊరికే నీది, చదవలేకపోతే ఎనిమిదొందలు" అన్నాడు.

మట్టిరంగు అట్ట. మీద గద్ద.
గద్ద కాళ్ళ కింద ఉండాల్సిన గుర్తుని
ఎవరో బ్లేడుతో గీకేశారు,
అట్ట చిరగకుండా, చాలా ఓపిగ్గా.

గిండీలో పెద్ద కాలేజీ కట్టే రోజుల్లో వచ్చిన
జర్మన్ దొర పెట్టెలోది అంటాడు సాయిబు.
కాదు, హార్బర్లో నావికుడెవడో సారాకి తాకట్టు పెట్టాడంటాడు వాళ్ళ తమ్ముడు.
ఇద్దరివీ అబద్ధాలే అయ్యుండొచ్చు.

నుంగంబాక్కంలో జర్మన్ చెప్పే ఫెలీషియా టీచరమ్మ
కళ్ళద్దాలు తీసి, పెట్టి, మళ్ళీ తీసి
"ఇది నేను నేర్పే రాత కాదండీ" అంది.
వాళ్ళ పాత రాతలో 'ఇ' మన కంటికి 'ఎన్'.
ఆరు నెలలు,
మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు, బేరాల్లేని వేళ,
కౌంటరు మీద ఒక్కో కొక్కెం విప్పుకుంటూ పోయాను.

ఎవాల్ట్ ష్ట్రూబెల్.
పని: పుస్తకాలు కుట్టడం, అట్టలు వేయడం.
ఓహో, అందుకా ఆ బ్లేడు అంత పొందిగ్గా నడిచింది.
లేక అది ఇంకొకరి చెయ్యా?
ముఖం కోల. జుట్టు గోధుమరంగు.
కళ్ళు: తడిసి చెరిగిపోయాయి.
బూట్ల కొలత ఇరవై ఎనిమిది.
ప్రత్యేక గుర్తులు: లేవు.

మా షాపు కుర్రాడు ఇళంగో
స్కేలు తెచ్చి తన పాదం కొలుచుకున్నాడు.
ఇరవై ఎనిమిదే.
స్కేలు సొరుగులో పడేసి, బయటికెళ్ళి నిలబడ్డాడు.

టీకాల పేజీ నాకు సొంతిల్లు లాంటిది:
మశూచి, కలరా, టైఫాయిడ్, తేదీలతో సహా.
ఆసుపత్రి పేజీలో మాత్రం జబ్బు పేరు రాయలేదు,
ఒక అంకె వేసి ఊరుకున్నారు.
మూడు వారాలు పడుకోబెట్టిన అంకె.

మజ్జిగ గ్లాసు పెట్టి హైమవతి అడిగింది,
"ఎంతమందిని చంపాడో రాశారా?"

వెతికాను.
మేజోళ్ళకి గడి ఉంది. దుప్పటికి ఉంది.
పళ్ళకి, కళ్ళజోడుకి, ఇంటికెళ్ళిన సెలవులకి,
తలలో పేలు తీయించుకున్నందుకు కూడా ముద్ర ఉంది.

"మరి అన్నీ రాసిపెట్టారన్నారు?"
గ్లాసు తీసుకుని వెళ్ళిపోయింది.

తల్లి చిరునామా రెండుసార్లు కొట్టేసి ఉంది.
మూడోది పెన్సిల్‌తో.
ఆ ఊరి మునిసిపాలిటీకి ఫోటో జతచేసి ఉత్తరం రాశాను.
పద్నాలుగు వారాలకి ఎవరో మనవరాలి వరసామె జవాబు,
టైపు చేసినవి, రెండే ముక్కలు:
మాకు వద్దు. దయచేసి పంపకండి.
నిఘంటువు తీయకుండా నేను చదివిన మొదటి జర్మన్ అది.

కార్తీకం వానలకి మద్రాసులో కాగితం బతకదు.
మాత్రల సీసాల్లో వచ్చే తేమ పీల్చే పొట్లాలు
రెండు అడుగున, రెండు పైన వేసి
బిస్కెట్ల డబ్బాలో పడుకోబెట్టాను ఎవాల్ట్‌ని.

మొన్న ఒకాయన కారులో వచ్చాడు,
ఇలాంటివి గాజు బీరువాల్లో పెట్టుకునేవాడట.
చేతికి తొడుగు వేసుకుని అటూ ఇటూ తిప్పి
"గుర్తు గీకేశారే, అయ్యో!
అదుంటే పదింతలు ఇచ్చేవాణ్ణి" అన్నాడు.

షట్టర్ దించాక
ఆ గీకిన చోట బొటనవేలితో చాలాసేపు తడిమాను.
సిగ్గుతోనా?
పట్టుబడతానన్న భయంతోనా?
కొత్త ఉద్యోగం కోసమా, కూతురు చూస్తుందనా?
వెలుతురుకి ఏటవాలుగా పట్టాను, భూతద్దం పెట్టాను,
నలభై ఏళ్ళ అనుభవమంతా పెట్టాను.

ఆదివారం మూర్ మార్కెట్‌కి వెళ్ళి
ఎనిమిదొందలు లెక్కపెట్టి ఇచ్చాను.
జబ్బార్ సాయిబు నోట్ల వంక చూసి, నా వంక చూసి,
"అదేంటి, అంతా చదివానన్నావు గదా?" అన్నాడు.