కప్పల పహరా

ఎండాకాలం మొదట్లో మడుగు నోరు తెరుస్తుంది.
కోటలో దొరసాని పురిటి మంచం మీదుంటే
మేం పొడుగాటి కర్రలు పట్టుకుని
తెల్లవార్లూ నీళ్లను కొట్టాలి.
కప్పలు అరవకూడదు.
ఇది మా పన్ను.

గోధుమలో వాటా వేరే.
దొర మరలోనే ఆడించిన పిండికి పదహారో వంతు వేరే.
పొయ్యికో కోడి, పిల్ల పెళ్లికో నాణెం,
ఇంటాయన పోతే, శవం చల్లారకముందే,
దొడ్లో మంచి ఎద్దు –
అవన్నీ వేరే.
దొర నిద్రకి మా నిద్ర కట్టేవాళ్లం.

ఎలా మొదలైందో నాయనమ్మ ఎర్మెసాండ్ చెప్పేది
ఉన్ని వడుకుతూ, దారం తెగినచోట ఆగుతూ.
మ్యూజ్ నది మీద పొడుగు పడవలొచ్చిన ఏడు,
చర్చి గంట మంటల్లో కరిగి మెట్ల మీద కారిన ఏడు,
గెరిక్ అని ఒకడు, ఒంటికన్ను వాడు,
తన చెలక తనదే అయినవాడు,
మట్టిదిబ్బ మీద కొయ్య బురుజున్న మనిషి ముందు
మోకాళ్ల మీద కూర్చున్నాడు.
రెండు చేతులూ దగ్గర చేసి
ఆ మనిషి చేతుల మధ్య పెట్టాడు.
కాపాడు, అన్నాడు.
సరే, అన్నాడతను.
నిజంగానే కాపాడాడు కూడా. అది దాచకూడదు, అనేది నాయనమ్మ.
కానీ మనవాడు
చేతులు వెనక్కి తీసుకోవడం మర్చిపోయాడే!

పడవలు రావడం మానేశాయి.
పన్ను మానలేదు.
కొయ్య బురుజు రాతి బురుజైంది,
ఆ రాయి మోసిన వీపులు మావి.
దొర మీద పెద్దదొర, ఆయన మీద రాజు,
రాజు మీద దేవుడు, అని పాదిరి వేళ్లు మడిచి చెప్పేవాడు.
మరి మా కింద? అని అడిగాడట మా తాత.
పాదిరికి వెంటనే తోచలేదు.
కప్పలున్నాయిలెండి, అన్నాడు తాతే.

తర్వాత చంకల్లో గడ్డలు లేచిన ఏడు.
ముప్పై ఒక్క పొయ్యిల్లో ఏడు మిగిలాయి.
నా ఇద్దరు ఆడపిల్లల్నీ ఒకే దుప్పట్లో చుట్టాను,
దుప్పట్లు చాల్లేదు.
కోతకొచ్చిన చేను నిలబడే రాలిపోయింది.

ఆ వేసవిలోనే దొరసానికి మళ్లీ నొప్పులు.
కోట గుమస్తా కొరడాతో వచ్చి, కర్రలు తీయండి, అన్నాడు.
మా ఆయన తియెబో, మాట నెమ్మదైన మనిషి,
గుమ్మంలోంచి లేవకుండానే అడిగాడు:
"రాత్రికి ఎంతిస్తారు?"

ఆ నోట ఆ మాట
అంతకుముందు ఎవరూ వినలేదు. నేనూ వినలేదు.
గుమస్తా కొరడా ఎత్తాడు.
ఎత్తి, కొడవలి పట్టగల చేతుల్ని లెక్కపెట్టాడు.
పద్దెనిమిది.
కొరడా నడుముకి చుట్టుకున్నాడు.
మర్నాడు మూడు నాణేలకి బేరం తెగింది.

పాత కూలికే పని చెయ్యాలని రాజుగారి హుకుం వచ్చింది.
చావడి ముందు అది చదివిన ఆసామే
చీకటి పడ్డాక వెనక తలుపు తట్టాడు,
తన ద్రాక్షతోటకి మూడింతలిస్తానని.

దొర కొడుకు యుద్ధంలో పట్టుబడ్డాడు.
విడిపించే సొమ్ముకి అడవి పోయింది, మర పోయింది,
మడుగు వెర్దాఁ ఊరి బట్టల వర్తకుడి పాలైంది.
అతను గుర్రం దిగకుండానే నీళ్లు చూశాడు.
కప్పలా? అరుచుకోనీ, అన్నాడు.
మార్టిన్ పండగనాటికి నాకు చేపల డబ్బు అందాలి.
అందకపోతే?
నవ్వాడు. కొరడా లేదు.
సంచిలోంచి కాగితం తీసి చూపించాడు.

ఇవాళ వాన వెలిసింది.
మడుగంతా ఒకటే రొద.
తియెబో పోయి రెండేళ్లు. ఎద్దు నా దొడ్లోనే ఉంది.
అర్ధరాత్రి ఉలిక్కిపడి లేచి
తలుపు మూల చెయ్యి పెట్టి తడిమాను.
కర్ర లేదు.
నేనే కదా దాన్ని పెరట్లో పాతాను!
బఠాణీ తీగ దాని సగం దాకా పాకింది.

కోటలో ఒక్క కిటికీలో దీపం.
ముసలి దొరసానికీ నిద్ర పట్టనట్టుంది.