రెండో రకం

తుంటి మీద కొడితే మూతిపళ్ళు రాలాయట.
నాకు పళ్ళు రాలలేదు. చెవులు మోగాయి.
కాఫీలో ఇనుము రుచి తగిలింది.
బాల్కనీలో జెరేనియం ఎరుపు
వాడకుండానే వెలిసిపోయింది ఒక పొద్దున.

ఎనిమిదేళ్ళ కిందట వేశారు, లోహపు గిన్నె, లోహపు బంతి.
మీకన్నా ఎక్కువ కాలం ఉంటుందన్నారు.
ఉంటుంది మరి, నన్ను తింటూ.

మెట్లెక్కుతుంటే కిర్రుమనేది.
సైకిలుకు నూనె పెట్టుకోమని
కింది వాటా టోర్కిల్ అరిచేవాడు.
ఆ సైకిలు నేనేనని చెప్పలేదు.

రక్తపరీక్ష కాగితంలో ఒక్క మాట దగ్గర
కళ్ళు ఆగిపోయాయి:
కోబాల్ట్.

ముప్పై ఏడేళ్ళు నాకు తిండి పెట్టింది అది.
కోపెన్‌హేగన్‌లో పింగాణీ కార్ఖానా,
ఉత్తరపు కిటికీ పక్కన మూడో బల్ల,
పళ్ళెం అంచు చుట్టూ నీలి తీగ అల్లేదాన్ని.
నీలం అంటున్నాను గానీ
కొలిమిలోకి వెళ్ళేదాకా అది నీలం కాదు, మసి.
తలుపు తీసిన ప్రతిసారీ
నమ్మలేక ఇంకోసారి చూసేదాన్ని.

కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. చాలా మర్యాదగా.
"వృత్తిరీత్యా తమకు కుంచె కొనను
నాలుకతో తడిపే అలవాటు ఉండి ఉండవచ్చునేమో..."
ఉండేది. ఒక్క పూట.
పదహారేళ్ళ పిల్లని, మొదటిరోజే
ఇంగెబోర్గ్ వీపు మీద ఒక్కటి చరిచి మాన్పించింది.
ఆ దెబ్బకు రసీదు ఎక్కణ్ణుంచి తేను?

మళ్ళీ కోశారు.
మత్తు దిగాక డాక్టర్ మాటలు వెతుక్కున్నాడు:
లోపలి కండ బూడిదరంగు ముద్దయిందట,
నల్లటి నీళ్ళు గిన్నెడు తోడారట.
నాకేమీ ఆశ్చర్యం కలగలేదు.
కాలని కోబాల్ట్ అలాగే ఉంటుంది.
నా ఒంటి వేడి చాలలేదు, అంతే.

ఈసారి బంతి పింగాణీదట.
దాని సంగతి నాకు తెలుసు.
పగిలితే పగులుతుంది గానీ
దొంగచాటుగా అరగదు.

తీసిన బంతిని చూస్తానన్నాను.
సీసాలో తెచ్చారు.
అద్దాలు పెట్టుకుని, వెలుతురు వైపు తిప్పి
పళ్ళేన్ని చూసినట్టే చూశాను.
ఒక పక్క గోరంత మేర మెరుపు పోయింది.
గోరంత.

మా దగ్గర ఒక చుక్క చెదిరినా, బుడగ లేచినా
అడుగున ముద్రకు అడ్డంగా గీత గీకేవాళ్ళం.
రెండో రకం. సగం ధర.
కొనేవాడికి తెలియాలి కదా.

సీసాను తిప్పి తిప్పి వెతికాను.
నంబరు ఉంది. కంపెనీ పేరు ఉంది.
గీత లేదు.

సూది ఉంటే ఇమ్మని నర్సును అడిగాను.
నొప్పిగా ఉందా, అంది.