రెండో శనివారం బండి

తూకానికి కొన్నాను దీన్ని.
పాత ఇనుప కొట్టువాడు
కుక్కర్ మూతతో కలిపి కాటా వేసి
అరవై ఇమ్మన్నాడు.

ఇంజనుకి ఒక చక్రం లేదు.
ఆటోనగర్‌లో నాగుల్ మీరా
లారీ పని పక్కన పడేసి
సోడా మూతని చక్రం చేసి అతికాడు.
డబ్బులిస్తే తిట్టాడు.
గార్డు పెట్టె మాత్రం నా చేతిపనే,
డాల్డా డబ్బా కోసి చేసింది.
ఎర్రరంగు రెండు పూతలేసినా
ఎండ పడితే చాలు
లోపలి కొబ్బరిచెట్టు బయటపడుతుంది.

సెలవొస్తే మంచం కింద పట్టాలు హాల్లోకొస్తాయి.
సుగుణ చేట జరుపుకుంటుంది,
బియ్యం ఏరడం ఆపకుండానే.
గోడగడియారం తాళంచెవితో పదకొండు తిప్పులు.
పన్నెండోది తిప్పితే స్ప్రింగు ఊరుకోదు.

కిటికీ అవతల సత్యనారాయణపురంలో
అసలు పట్టాలు పీకేసి రోడ్డేసి
చాలా ఏళ్లయింది.
ఆఫీసుకి ఆలస్యమైతే చెప్పుకోవడానికి
ఇప్పుడు గేటు కూడా లేదు.

ఇవాళ పై వాటా పిల్ల హంసిని
గచ్చుమీద బోర్లా పడుకుని అడిగింది,
ఇదెక్కడికెళ్తుంది తాతా?
ఫ్రిజ్ దాకా, అన్నాను.
ఫ్రిజ్ తర్వాత?
ఉన్న తాళంచెవినే
జేబులో వెతుక్కున్నాను.

పిల్ల లేచి పట్టాలు దాటబోయింది.
సుగుణ చేట దించి
అట్లకాడ అడ్డం పెట్టింది.
"ఆగవే, గేటు పడింది."

టకటకటక
కొబ్బరిచెట్టు వెళ్లిపోయేదాకా
ముగ్గురం
ఇటే నిలబడ్డాం.