నీటికాసులు

ఇరవై ఆరేళ్లు కాసులు లెక్కపెట్టినవాణ్ణి,
కంట్లో నీటికాసులు పడితే పోల్చుకోలేకపోయాను.
నొప్పా, లేదు. ఎరుపా, లేదు.
పక్కనుంచి చాచిన చేతులు మాత్రం
ఒక్కొక్కటే బస్సు దిగిపోయాయి.
"నా టికెట్టేదయ్యా?" అని ఓట్టేరిలో ఒకావిడ అరిస్తే గాని
ఆమె ఉందని తెలియలేదు.

పోయిన చూపు పోయిందే, అంది డాక్టరు నప్పిన్నై.
ఉన్నదానికి కాపలా కాయి, రోజూ.

రాత్రి డిపోలో
చిల్లర మురికి సబ్బుతో వదిలించి
తల వెనక్కి వాల్చి
కింది రెప్పను జేబులా లాగుతాను.
ఒక్క చుక్క.
సీసా మూతి ఎక్కడా తగలనివ్వను.
కళ్లు మూసి, ముక్కు పక్క మూలను వేలితో అదిమి
ఊరుకుంటాను. తొందరపడి వదిలానా, గొంతులోకి చేదు.

రెండో మందు వెంటనే వేస్తే మొదటిది కొట్టుకుపోతుందట.
మధ్యలో ఐదు నిమిషాలు,
పెరంబూరు నుంచి జమాలియా అంత దూరం.

"బాగానే ఉన్నావుగా, ఇంకా ఎందుకు?"
డ్రైవరు ఏకాంబరం నవ్వుతాడు.
సీసా మీద, తెరిచిన తేదీ నా చేతిరాతలో.
నెల నిండింది. సగం మందు మిగిలింది.
పారేయడానికి చెయ్యి రాలేదు కాసేపు.
పారేశాను.

పొద్దున మొదటి ట్రిప్పు.
ఎడమవైపుకి తల మొత్తం తిప్పి,
ఎవరూ లేకపోయినా అడుగుతాను:
"టికెట్?"