ముళ్ల చెంచా పువ్వు

మా ఇంట్లో ఫోర్కుతో ఎవరూ తినరు.
ఎవరి గృహప్రవేశంలోనో చేతిలో పెట్టిన డబ్బా,
అందులో ఆరు ఫోర్కులు,
పదకొండేళ్లుగా కొవ్వొత్తి ముక్కల పక్కన
నిద్రపోతున్నాయి.
ఒకసారి ఒకదానితో
సింకు జాలీలో ఇరుక్కున్న కరివేపాకు తీశాను.
అంతే, వాటి ఉద్యోగం.

మెట్టుగూడ మెట్రో మెట్ల మీద జారి
నా ఎడమ కాలు ఆరు వారాల కట్టులోకి వెళ్లాక
పక్క ఫ్లాటు తస్నీమ్, ఏడో తరగతి,
సెలవుల హోంవర్కు తెచ్చి నా ఒళ్లో పడేసింది.
"ఆంటీ, మీరు ఖాళీయే కదా!"

కోఠీలో వాళ్లమ్మ కొన్న ఊలు ఉండలు రెండు.
ఒకటి పసుపు.
ఇంకోటి, పండుమిరపకీ దానిమ్మకీ మధ్య
ఎటూ తేల్చుకోలేక ఆగిపోయిన ఎరుపు.

ఫోర్కుకి నాలుగు పళ్లు.
వాటి చుట్టూ ఊలు, ముప్పై చుట్లు.
బిగిస్తే జారి రాదు,
వదిలేస్తే పువ్వూ కాదు, జడకుచ్చులూ కావు,
పిల్లి ఆడుకుని పోయిన చిక్కు.
నడిమి సందులోంచి ఒక పోగు దూర్చి
వెనక నుంచి ముందుకు తెచ్చి
నడుం దగ్గర ముడి.
ముడి వేసేటప్పుడు ఊపిరి దానంతటదే ఆగుతుంది,
ఎవరూ ఆపమని చెప్పకపోయినా.
మెల్లగా పళ్ల మీంచి జార్చి
గోళ్ల కత్తెరతో అటూ ఇటూ కోసి
పాత దువ్వెనతో దువ్వితే, ముద్దబంతి.
కాడకి, కాలి ఆరిన అగరొత్తి పుల్ల.

మొదటిది ఎలకపిల్లలా ఉందని తస్నీమ్ తీర్పు.
రెండోది, తడిసిన ఎలకపిల్ల.
తొమ్మిదోది చూసి ఏమీ అనలేదు,
జేబులో దోపుకుని పారిపోయింది.

పొద్దున ఆరున్నరకి బాలమణి వస్తుంది,
గుడిమల్కాపూర్ మార్కెట్ నుంచి రెండు బస్సులు మారి.
తడిగుడ్డ కింద మల్లెలూ కనకాంబరాలూ.
నేను గేటు దాకా రాలేనని
కిటికీ చువ్వల అవతలే నిలబడి
మోచేతితో మూర కొలిచి
కొసరుగా నాలుగు వేళ్ల మాల వదిలి
లోపలికి అందిస్తుంది.

ఆవేళ పసుపు బంతిని ఆమె అరచేతిలో పెట్టాను.
చూసింది. తిప్పింది. ముక్కు దగ్గర పెట్టుకుంది.
తర్వాత, ఏమీ ఆలోచించకుండా,
చెంబులో వేళ్లు ముంచి
నా ఊలు పువ్వు మీద
నాలుగు చుక్కల నీళ్లు చిలకరించింది.

తనకే నవ్వొచ్చింది,
వీధి కుక్క లేచి కూర్చునేంత నవ్వు.
"అలవాటైపాయె అమ్మా!
ముప్పయ్యేండ్ల సంది పువ్వు కనవడితె
చెయ్యి నీళ్లలకే పోతది."

నవ్వాగాక అడిగింది, "ఇది వాడదా?"
"వాడదు."
"మల్ల నా పువ్వులెవరు కొంటరు?"

పరాచికమేనేమో.
కానీ గంప వైపు చూస్తూ అంది.
నా దగ్గర జవాబు లేదు,
ఫోర్కు మాత్రం ఉంది.

"ఏదీ, ఎట్ల జేసినవ్?"
అందించాను. తీసుకోలేదు.
ఎర్ర ఊలు తన రెండు వేళ్లకే చుట్టుకుంది, గబగబా,
మల్లెలకి వేసే ముడే వేసింది,
కొస పంటితో కొరికింది.
నాకు పావుగంట పట్టే పువ్వు
బస్సు టికెట్టు చింపేంత సేపట్లో.
"గీ ముండ్ల చెంచెందుకమ్మా,
దేవుడిచ్చినయ్ లేవా?"
అని వేళ్లు విప్పి చూపించి
గంప ఎత్తుకుని వెళ్లిపోయింది.

సాయంత్రం తస్నీమ్ ఆ ఎర్ర పువ్వు వాసన చూసి
"సెంటు కొట్టారా ఆంటీ?" అంది.
లేదన్నాను.
హోంవర్కుకి మిగతావన్నీ ఇచ్చాను, అది తప్ప.

కిటికీ గట్టు మీద పెట్టి
రోజుకి రెండుసార్లు వాసన చూశాను.
మొదటిరోజు మల్లె.
రెండోరోజు, మల్లెలు చుట్టి తెచ్చిన కాగితం.
ఇవాళ, మూడోరోజు, ఉత్త ఊలు.

బాలమణి రాగానే చెప్పాలి,
వాడిందని.
రెండు మూరలు ఇమ్మనాలి.